రోడ్ బైక్‌కు మధ్యస్థాయి గ్రూప్‌సెట్: నల్గొండ, పాలమూరు రోడ్లకు ఏది సరిపోతుంది

రోడ్ బైక్ కొనబోయేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఎన్ని గేర్లు?" అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సినవి మూడు ఉన్నాయి: అన్నిటికన్నా తేలిక గేరు ఎంత, బ్రేకు ఏ రకం, చైనో కేబులో పోతే సామాను ఎక్కడ దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మూడోది పెద్ద సమస్య కాదు. మిర్యాలగూడలోనో నారాయణపేటలోనో ఉన్నవాళ్లకు మాత్రం అసలు లెక్క దాని దగ్గరే మొదలవుతుంది.

షిఫ్టర్లు (గేరు మార్చే లీవర్లు), ముందు వెనక డిరైలర్లు (చైన్‌ను ఒక పళ్ల చక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపేవి), క్రాంక్ (పెడల్ చేతులు, ముందు పళ్ల రింగులు), క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి), చైన్, బ్రేకులు కలిపితే గ్రూప్‌సెట్. షిమానో కంపెనీ వరుసల్లో కింది నుంచి చూస్తే క్లారిస్ వెనక 8 స్పీడ్ (అంటే వెనక 8 పళ్ల చక్రాలు), సోరా 9, టియాగ్రా 10. 105 పాతదైతే (ఆర్7000) 11, కొత్తదైతే (ఆర్7100) 12. ఆపైన అల్టెగ్రా, డ్యూరా ఏస్. మధ్యస్థాయి అంటే టియాగ్రా, 105. ఇంకో కంపెనీ స్రామ్‌లో అపెక్స్, రైవల్. క్లారిస్, సోరా, టియాగ్రాల స్థానంలోకి షిమానో ఇప్పుడు క్యూస్ అనే వరుసను తెస్తోంది. క్యూస్ సామాను పాత టియాగ్రా, 105లతో కలిపి వాడేది కాదు. కాబట్టి పాత బండికి ఒక్కో భాగమే మార్చుకుంటూ పోవాలనుకునేవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తేలిక గేరు లెక్క

ముందున్న చైన్‌రింగ్ (క్రాంక్ మీది పళ్ల రింగు) పళ్లను వెనక పళ్లతో భాగించండి. 34ని 28తో భాగిస్తే 1.21 వస్తుంది. 34ని 34తో అయితే సరిగ్గా 1. 28 ఎంఎం టైరున్న 700సీ (రోడ్ బైక్‌ల మామూలు సైజు) చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.13 మీటర్లు పోతుంది. అంటే 34-28లో పెడల్ ఒకసారి తిప్పితే బండి 2.6 మీటర్లు ముందుకు పోతుంది, 34-34లో 2.13 మీటర్లు. ఎక్కుడులో వేగం గంటకు 8 కిలోమీటర్లకు పడిపోయిందనుకోండి. మొదటి గేరులో కాళ్లు నిమిషానికి 51 సార్లు తిరుగుతాయి, రెండోదాంట్లో 63 సార్లు. కాగితం మీద చిన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ నిమిషానికి 50కి తగ్గాక ప్రతి తొక్కుడు బరువూ మోకాలి మీదే పడుతుంది, అరగంట గడిచేసరికి మోకాళ్లు పట్టేస్తాయి.

మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, మక్తల్ వైపు పోయేవాళ్లకు దీని అవసరం పెద్దగా రాదు. శ్రీశైలం రోడ్డు సంగతి వేరు. మన్ననూరు ఎక్కే ఘాట్, తిరుగు ప్రయాణంలో డ్యాం కింది వంతెన నుంచి ఈగలపెంటకు ఎక్కే మలుపులు, ఇటు మన్యంకొండ గుట్ట ఉన్నాయి. వీటిలో ఏదైనా మీ దారిలో ఉంటే ముందు 50/34 (50 పళ్లదీ 34 పళ్లదీ రెండు రింగులు), వెనక 11-34 (చిన్నదానికి 11, పెద్దదానికి 34 పళ్లు) తీసుకోండి. వయసులో ఉన్నవాళ్లకైనా ఇదే చెప్తాం. తేలిక గేరు ఉండి వాడకపోతే నష్టమేమీ లేదు.

11-34 వేయాలంటే వెనక డిరైలర్ పొడుగు కేజ్‌ది (కేజ్ అంటే దాని కింద వేలాడే చిన్న చక్రాల చట్రం) కావాలి. దాని మీద జీఎస్ అని ఉంటుంది. 105 ఆర్7000లో పొట్టి కేజ్ ఎస్ఎస్‌కు 30 పళ్లే హద్దు, జీఎస్‌కు 34. సెకండ్‌హ్యాండ్‌లో 11-28తో వచ్చే బండ్లకు చాలావాటికి ఎస్ఎస్ ఉంటుంది. క్యాసెట్ ఒక్కటే మార్చి సరిపెట్టుకుందామంటే డిరైలర్ పైచక్రం పెద్ద పళ్లకు రాసుకుంటుంది. జీఎస్ ఉన్నా సరే, 28 నుంచి 34కు మారితే పాత చైన్ పొట్టిదైపోతుంది. పొరపాటున ముందు పెద్ద రింగు, వెనక పెద్ద పళ్లు ఒకేసారి పడ్డాయంటే డిరైలర్ ముందుకు సాగిపోయి హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే చిన్న ముక్క) విరుగుతుంది. చైన్ పొడవు చూడటం కష్టం కాదు. డిరైలర్ లోంచి పోనివ్వకుండా చైన్‌ను నేరుగా ముందు పెద్ద రింగు, వెనక పెద్ద పళ్ల చుట్టూ బిగుతుగా పట్టండి. రెండు కొనలు కలిసే చోటికి ఒక అంగుళం, అంటే ఒక లోపలి లింకూ ఒక బయటి లింకూ, అదనంగా ఉంచి కత్తిరించండి.

10, 11, 12: ఎక్కువ స్పీడ్‌లతో వచ్చేదేంటి

టియాగ్రా 10 స్పీడ్ 11-34 క్యాసెట్‌లో పళ్లు ఇలా ఉంటాయి: 11, 13, 15, 17, 19, 21, 23, 26, 30, 34. షిమానో 12 స్పీడ్ 11-34లో: 11, 12, 13, 14, 15, 17, 19, 21, 24, 27, 30, 34. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తగా వచ్చి చేరినవి 12, 14 మాత్రమే. 23, 26 కాస్త జరిగి 24, 27 అయ్యాయి. 15 నుంచి 21 దాకా ఒక్క పన్ను కూడా తేడా లేదు.

ఆ 12, 14 ఎప్పుడు పనికొస్తాయి? ముందు 50 మీద నిమిషానికి 90 తొక్కుళ్లు వేస్తే వెనక 19లో వేగం గంటకు 30 కిలోమీటర్లు, 17లో 34, 15లో 38, 14లో 41. ఎన్‌హెచ్-65 మీద నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటుకుంటూ ఒంటరిగా పోయేవాళ్లు, జడ్చర్ల నుంచి భూత్పూర్ వైపు ఎన్‌హెచ్-44 మీద పోయేవాళ్లు ఎక్కువసేపు ఉండేది 17, 19, 21 మీదనే. ఎదురుగాలి కొడితే 21 నుంచి 23కు పోతారు. గుంపుగా 40 దాటి లాగేవాళ్లకు 14 విలువ తెలుస్తుంది, వాళ్లు 12 స్పీడ్‌కు డబ్బు పెట్టడంలో అర్థముంది. మిగతావాళ్లు ఆ తేడా డబ్బుతో మంచి టైర్లు కొనుక్కుంటే ఎక్కువ సుఖం. బరువు సంగతీ అంతే, టియాగ్రాకూ 105కూ మధ్య తేడా నిండు నీళ్ల సీసా బరువు కూడా ఉండదు.

బ్రేకులు

ఇక్కడ మాత్రం పొదుపు చేయొద్దు. ఈగలపెంట నుంచి వంతెన దాకా దిగేటప్పుడు బ్రేకు మీద నుంచి చేయి తీసే సందు తక్కువ. యాసంగి కోతలప్పుడు నల్గొండ జిల్లాలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. గేదెలు అడ్డం రావడమూ మామూలే. హైడ్రాలిక్ డిస్క్‌కు (ఆయిల్ ఒత్తిడితో పట్టే డిస్క్ బ్రేకు) రెండు వేళ్ల బలం చాలు. కేబుల్ డిస్క్ పనిచేయదని కాదు కానీ, ప్యాడ్ అరుగుతున్నకొద్దీ లీవర్ లోపలికి పోతుంటుంది, మధ్యమధ్యలో బిగించుకోవాలి. రిమ్ బ్రేకు ఎండాకాలం బాగానే ఉంటుంది. వానలో చెల్క దుబ్బ, నల్లరేగడి బురద ప్యాడ్లకు పట్టి రిమ్‌నే గీరేస్తుంది. క్లారిస్, సోరాలతో వచ్చేవి కేబుల్ డిస్క్ లేదా రిమ్ బ్రేకులే. టియాగ్రాలో హైడ్రాలిక్ షిఫ్టర్ నంబరు 4720, 105 11 స్పీడ్‌లో ఆర్7020, 12 స్పీడ్ మెకానికల్‌లో (కేబుల్‌తో గేర్లు మారేది) ఆర్7120.

హైడ్రాలిక్ ఆయిల్ దగ్గర జాగ్రత్త. షిమానో బ్రేకుల్లో పోసేది మినరల్ ఆయిల్. మోటార్‌సైకిల్ షాపులో దొరికే డాట్ 3, డాట్ 4 ఫ్లూయిడ్ అందులో పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి, లీవరూ క్యాలిపరూ (చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే భాగం) రెండూ పోతాయి. మెకానిక్ "బ్రేక్ ఆయిలే కదా" అన్నా పోయనివ్వొద్దు. స్రామ్ రోడ్ బ్రేకులు దీనికి తిరగబడి ఉంటాయి, వాటికి డాట్ 4 లేదా 5.1 కావాలి, మినరల్ ఆయిల్ పోయకూడదు. షిమానో వాడేవాళ్లు ఒక చిన్న సీసా మినరల్ ఆయిల్, బ్లీడింగ్ గరాటా (బ్రేకులోని గాలి తీసి ఆయిల్ నింపేది) ఇంట్లో పెట్టుకోవాలి.

ఎలక్ట్రానిక్ షిఫ్టింగ్

బ్యాటరీతో గేర్లు మార్చే 105 డీఐ2, రైవల్ ఏఎక్స్‌ఎస్ చక్కగా పనిచేస్తాయి, కేబుల్ తెగే బాధ ఉండదు. కానీ ఒక డిరైలర్ రాయికి తగిలి పోయిందంటే ఖర్చు మామూలుగా ఉండదు, సామాను వచ్చేదాకా బండి మూలనే. రైవల్ లీవర్లలో వేసే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఏ గడియారాల షాపులోనైనా దొరుకుతుంది. 105 డీఐ2 లీవర్లకు కావాల్సిన సీఆర్1632 ముందే తెచ్చిపెట్టుకోవాలి. 10 పళ్ల నుంచి మొదలయ్యే రైవల్ క్యాసెట్‌కు ఎక్స్‌డీఆర్ రకం ఫ్రీహబ్ (వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగం) కావాలి, షిమానో ఫ్రీహబ్ ఉన్న చక్రాలకు పట్టదు. జిల్లాలో ఉంటూ ఒక్క సైకిలే ఉన్నవాళ్లకు మెకానికలే మేలని మా మాట.

షాపులో చూడాల్సినవి

"105 బండి" అని అమ్మేదాంట్లో ఒక్కోసారి వెనక డిరైలర్ ఒక్కటే 105 ఉంటుంది. డిరైలర్ కేజ్ లోపలి వైపు, బ్రేకు లీవర్ అడుగున, క్రాంక్ చేయి లోపలి వైపు చెక్కిన నంబర్లు చదవండి. ఆర్ఎస్510 క్రాంక్ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది 105 వరుసది కాకపోయినా 11 స్పీడ్‌కు బాగా నడుస్తుంది. దానికి తగ్గట్టు ధర తగ్గించమనండి, అంతే.

హైడ్రాలిక్ లీవర్‌ను పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టండి. మెల్లగా హ్యాండిల్ వైపు కుంగిపోతుంటే ఎక్కడో కారుతోంది. మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి చేరింది. తర్వాత స్టాండ్ మీద పెట్టి అన్ని గేర్లూ ఎక్కించి దింపండి, ముందు 50, వెనక 34 మీద చైన్ నిమ్మళంగా తిరగాలి.

సెకండ్‌హ్యాండ్ టియాగ్రా కొనేవాళ్లు 4600, 4700ల తేడా చూసుకోవాలి. రెండూ 10 స్పీడే అయినా కేబుల్ లాగే కొలత వేరు. ఒకదాని షిఫ్టర్‌తో ఇంకోదాని డిరైలర్ కలవదు, గేరు ఎక్కడా కుదురుగా నిలవదు. 4700 డిరైలర్ మాత్రం 11 స్పీడ్ 105 షిఫ్టర్‌తో నడుస్తుంది, అవసరపడితే అదో దారి.

ఇంట్లో ఉండాల్సిన సామాను

జిల్లా కేంద్రాల సైకిల్ షాపుల్లో సులువుగా దొరికేది ఎక్కువగా 6, 7, 8 స్పీడ్ సామానే. అందుకే మీ స్పీడ్‌కు సరిపడే చైన్ ఒకటి, క్విక్ లింకులు (చైన్ కొనలను సులువుగా కలిపే లింకులు) రెండు, బ్రేక్ ప్యాడ్లు రెండు జతలు, 1.2 ఎంఎం గేర్ కేబుళ్లు రెండు కొని ఉంచండి. మీ ఫ్రేమ్‌కు సరిపోయే హ్యాంగర్ కూడా ఒకటి, అది గ్రూప్‌సెట్‌తో రాదు, ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో ఆకారం. ఆర్టీసీ బస్సు డిక్కీలో సైకిల్ వేసేటప్పుడు డిరైలర్ వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి, లేకపోతే దిగేసరికి హ్యాంగర్ వంగి ఉంటుంది.

చైన్ అరుగుదలను మామూలు స్టీలు స్కేలుతో కొలవొచ్చు. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు 12 అంగుళాలు కొత్త చైన్ కొలత, అంటే 304.8 ఎంఎం. 11, 12 స్పీడ్‌లలో 306.3 ఎంఎంకు వచ్చిందంటే మార్చేయండి. 8, 9, 10 స్పీడ్‌లలో 307 దాకా ఆగొచ్చు. ఆ తర్వాతా లాగితే క్యాసెట్ పళ్లు కూడా అరిగి, కొత్త చైన్ వేసినా జారుతుంది.

కేబుల్‌తో నడిచే 105, టియాగ్రా షిఫ్టర్లలో వెనక గేరు కేబుల్ లీవర్ లోపల, గుండు దగ్గర పోగులు పోగులుగా చీలుతుంది. బయటికి ఏమీ కనిపించదు. నిన్నటిదాకా సరిగ్గా పడిన గేరు చిన్న పళ్ల మీదికి దిగడానికి మొరాయిస్తూ, ఎంత సర్దినా రెండు రోజులకే మళ్లీ తప్పుతుంటే అదే కారణం. తెగేదాకా ఆగితే ముక్క లోపల ఇరుక్కుంటుంది, దాన్ని తీయడానికి షిఫ్టర్ విప్పాలి. ఏడాదికోసారి కేబుల్ మార్చడం చవక. అమ్రాబాద్ అడవి మధ్యలో తెగితే చైన్ 11 పళ్ల మీద పడి అక్కడే ఉండిపోతుంది, రాత్రయితే గేట్లు కూడా మూసేస్తారు. అప్పుడు వెనక డిరైలర్ మీద హెచ్ అని రాసి ఉన్న స్క్రూను లోపలికి బిగించండి. చైన్ 13 మీదికో 15 మీదికో జరుగుతుంది. ముందు 34 వేసుకుంటే ఆ ఒక్క గేరుతో మన్ననూరు దాకా రావొచ్చు. ఎక్కుడు నిటారుగా ఉన్నచోట దిగి నడిపించుకోవాలి.