పాత ఇంజను ట్యాంకు బాగుచేద్దాం – 3వ పాఠం: తుప్పు కడగడం, సీలర్ పోయడం

గత పాఠంలో ట్యాంకు విప్పి, పెట్రోలు వంచేసి, సబ్బునీళ్లతో కడిగి, గుప్పెడు నట్లు వేసి ఊపి పెచ్చులు రాల్చాం. వేసిన నట్లన్నీ బయటికొచ్చాయో లేదో ఇప్పుడే లెక్క చూసుకోండి.

రేకును అంటిపెట్టుకున్న తుప్పుకి సిట్రిక్ యాసిడ్ చాలు. కాక్ (ట్యాంకు అడుగున ఉండే పెట్రోలు కుళాయి) రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి, లీటరు వేడినీళ్లకు 100 గ్రాముల చొప్పున కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రాత్రి వదిలేయండి. మూత బిగించొద్దు, లోపల హైడ్రోజన్ పుడుతుంది. దగ్గర్లో నిప్పు వద్దు. లోపల జింకు పూత ఉన్న ట్యాంకైతే ఈ పద్ధతి పనికిరాదు, యాసిడ్ ముందు ఆ పూతనే తినేస్తుంది.

తెల్లారి వంచేస్తే లోపల బూడిదరంగు రేకు కనిపిస్తుంది. సంబరపడుతూ కూర్చోకండి. తడి రేకు గాలి తగిలిన కాసేపటికే మళ్లీ నారింజ రంగుకి తిరుగుతుంది. సీలర్ (ట్యాంకు లోపల పోస్తే పూతలా గట్టిపడే ద్రవం) ఊడిపోయిందని వినే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. వంటసోడా నీళ్లు, ఆ వెంటనే మంచినీళ్లు, ఆ వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇవన్నీ ముందే పక్కన పెట్టుకోవాలి. ఆల్కహాల్ మిగిలిన నీటిని తనలో కలుపుకుని బయటికి తెస్తుంది. రెండుసార్లు తిప్పి వంచేయండి. తర్వాత ఆరుబయట కంప్రెసర్ గాలి పట్టండి. హెయిర్ డ్రయ్యర్ జోలికి మాత్రం ఆల్కహాల్ వాసన పూర్తిగా పోయేదాకా వెళ్లొద్దు, దాని కాయిల్ ఆ ఆవిరిని అంటించగలదు. తడి దాక్కునేది అతుకుల మడతల్లో. తీగకి పొడి కాగితం చుట్టి అక్కడ ఒత్తి చూడండి. కాగితం చెమ్మగిల్లిందంటే ఇంకా ఆరలేదన్నమాట.

చీకట్లో ట్యాంకు లోపల టార్చి వెలిగిస్తే బెజ్జాలు చుక్కల్లా మెరుస్తాయి. సూదిమొనంతవైతే బయట టేపు అంటిస్తే చాలు, లోపల సీలర్ మూసేస్తుంది. పెద్దవాటికి పెట్రోలును తట్టుకునే ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పెట్టాలి. వెల్డింగ్ మాట ఎత్తొద్దు. ఖాళీగా కనిపించే ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలేది.

ఇక సీలర్. కాక్ మరలకీ మూత అంచుకీ పల్చగా గ్రీజు రాసి, సీలర్ పోసి, ట్యాంకుని అన్ని వైపులకీ నెమ్మదిగా దొర్లించండి. తర్వాత మిగులంతా వంచేయాలి. ఖరీదైనదని లోపల ఉంచేస్తే ఆ మడుగు లోపలిదాకా గట్టిపడదు, పొరలుగా లేచి కాక్‌కి అడ్డం పడుతుంది. డబ్బా మీద రాసిన ఆరే గడువు పూర్తయ్యేదాకా పెట్రోలు పోయకండి.

ఈలోగా కార్బ్యురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి పంపే భాగం) విప్పుదాం. ట్యాంకులోని తుప్పు ధూళి ఎప్పుడో అక్కడికి చేరి ఉంటుంది. అది 4వ పాఠం.