కొరియా బిడ్డ కోసం ఎదురుచూస్తున్నారా? ఈలోగా చేసుకోవాల్సిన పనులు

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోకండి. మీరింకా ఎక్కడా పేరు నమోదు చేసుకోకుండా, ఇప్పుడిప్పుడే కొరియా నుంచి దత్తత తీసుకుందామా అని ఆలోచిస్తుంటే, ఆ దారి దాదాపు మూసుకుపోతోంది. 1985లో ఒక్క ఏడాదిలో దక్షిణ కొరియా నుంచి విదేశాలకు దత్తత వెళ్ళిన పిల్లలు 8,837 మంది, 2023కి ఆ లెక్క 79కి పడిపోయింది. 2025 జులై 19 నుంచి దత్తత వ్యవహారమంతా ప్రైవేటు ఏజెన్సీల చేతిలోంచి ప్రభుత్వం చేతికి వెళ్ళింది, అక్టోబర్ 1 నుంచి విదేశీ దత్తతలకి సంబంధించిన అంతర్జాతీయ హేగ్ ఒప్పందం అక్కడ అమల్లోకి వచ్చింది, డిసెంబర్‌లోనైతే విదేశీ దత్తతల్ని దశలవారీగా ఆపేస్తామనే ప్రకటించారు. కాబట్టి ఇది కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం కాదు. ఇప్పటికే ఫైలు కదిలి, ఫోటో చేతికొచ్చో రాకో, తెలియని నంబరు నుంచి ఫోన్ మోగితే చాలు గుండె దడదడలాడుతూ అమెరికాలో కూర్చున్న మనవాళ్ళ కోసం.

మేం 2016లో మొదలుపెడితే 2019లో మా వాడు ఇంటికొచ్చాడు, అప్పటికి వాడికి రెండేళ్ళ నాలుగు నెలలు. ఎందుకంత ఆలస్యం అని అందరూ అడిగేవాళ్ళు, మాకూ మొదట్లో ఒళ్ళు మండేది. మా రోజుల్లో, 2012 ఆగస్టులో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం బిడ్డ పుట్టి ఏడు రోజులు నిండేదాకా కన్నతల్లి చేత దత్తతకి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించకూడదు. ఆ తర్వాత కొరియాలోనే అమ్మానాన్నలు దొరుకుతారేమో అని ఐదు నెలలు చూడాలి. అప్పుడు గానీ మనలాంటివాళ్ళ వంతు రాదు, ఆపైన ఫ్యామిలీ కోర్టు అనుమతి. ఆ నెలలన్నీ మన దగ్గర్నుంచి లాక్కున్నవి అనుకుంటే పిచ్చెక్కుతుంది. నిజానికి అవి బిడ్డవీ, కన్నతల్లివీ. ఇది తలకెక్కడానికి నాకు ఏడాది పట్టింది.

సరే, కాగితాలు. ఇవి విసుగు పనులు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. భార్యాభర్తల్లో ఒకరికైనా అమెరికా పౌరసత్వం ఉండాలి, గ్రీన్ కార్డు చాలదు. దత్తతకి మనం తగినవాళ్ళమేనని అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర ముందుగా ఆమోదం తీసుకోవడానికి మా రోజుల్లో ఐ–600ఏ ఫారం ఉండేది, హేగ్ ఒప్పందం వచ్చాక కొత్త కేసులకి ఐ–800ఏ, పాత ఫైలు ఏ లెక్కలోకి వస్తుందో మీ ఏజెన్సీని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఐ–800ఏ ఆమోదం 15 నెలలే చెల్లుతుంది, గడువుకి మూడు నెలల ముందే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఎదురుచూపులో పడి అది దాటిపోయిందంటే మళ్ళీ పని పెరుగుతుంది. ఉద్యోగం మారినా, ఇల్లు మారినా, మధ్యలో గర్భం వచ్చినా హోమ్ స్టడీ (సోషల్ వర్కర్ ఇంటికొచ్చి మన గురించి రాసే రిపోర్టు) సరిచేయించాలి, దాచిపెట్టే ఆలోచన అసలు చేయకండి. మనవాళ్ళు మర్చిపోయేది ఇంకోటుంది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉంటారు కదా, ఆ సంగతి సోషల్ వర్కర్‌కి ముందే చెప్పండి, ఎందుకంటే ఇంట్లో ఉండే పద్దెనిమిదేళ్ళు దాటిన వాళ్ళందరి గురించీ వాళ్ళు ఆరా తీస్తారు. మా ఇంటికి ఆవిడ వచ్చినప్పుడు గెస్ట్ రూమ్‌లో మా మామగారి కండువా, బీపీ మాత్రలు కనిపించాయి, దాని మీద అరగంట మాట్లాడాల్సి వచ్చింది.

రిఫరల్, అంటే ఫలానా బిడ్డ మీకని వివరాలు పంపడం, వచ్చాక ఫోటో చూసి మురిసిపోవడం ఎలాగూ జరుగుతుంది, దాని గురించి నేను చెప్పక్కర్లేదు. ఫోటో పక్కన పెట్టి మెడికల్ రిపోర్టు చదవండి. విదేశీ దత్తత పిల్లల ఫైళ్ళు చూసే ప్రత్యేక క్లినిక్‌లు పెద్ద పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో ఉంటాయి, అక్కడి డాక్టర్‌కి ఫైలు పంపి ఫోన్‌లో మాట్లాడండి. కొరియా ఫైళ్ళలో కన్నతల్లి గర్భంతో ఉన్నప్పుడు తాగిన మద్యం, కాల్చిన సిగరెట్ల వివరాలు రాసి ఉండటం మామూలే. అది చూసి మనవాళ్ళు ఆవిడ గుణం మీద తీర్పులు చెప్పడం మొదలుపెడతారు. చెప్పకండి. తనకి గర్భమని తెలియని వారాల్లో జరిగిందే ఎక్కువగా ఉంటుంది, పైగా దాచకుండా చెప్పి మనకి మేలే చేసింది. డాక్టర్‌ని అడగాల్సింది ఒక్కటే, దీనివల్ల రేపు ఏం రావచ్చు, మేం దేనికి సిద్ధపడాలి అని.

ఇక అసలు విషయం. మీరు ఎదురుచూస్తున్న బిడ్డ ఎవరూ లేక ఏ ఉయ్యాల్లోనో ఒంటరిగా లేడు. కొరియాలో దత్తతకు వెళ్ళే పిల్లలు చాలామంది ఫోస్టర్ అమ్మల ఇళ్ళల్లో, అంటే దత్తత అయ్యేదాకా తమ ఇంట్లో పెంచే అమ్మల దగ్గర, పెరుగుతారు. ఆవిడే వాడికి అమ్మ, వాడు "ఒమ్మా" అని పిలిచేది ఆవిడనే. (అవును, అచ్చం మన అమ్మలాగే ఉంటుంది ఆ మాట, మొదటిసారి వీడియోలో విన్నప్పుడు నేను సింక్ దగ్గర నిలబడి ఏడ్చాను.) మనం వెళ్ళి ఆ అమ్మ ఒళ్ళోంచి వాడిని తెస్తాం. ఈ సంగతి ఎంత ముందు ఒప్పుకుంటే తర్వాత అన్నీ అంత తేలిగ్గా అర్థమవుతాయి, కాబట్టి ఇప్పుడున్న ఖాళీ నెలల్లో నర్సరీ గోడలకి రంగులు ఎంచుకోవడం మానేసి ఆవిడ ఇంట్లో వాడు ఎలా బతుకుతున్నాడో తెలుసుకోండి.

భాషతో మొదలుపెట్టండి. కొరియన్ మొత్తం నేర్చుకోమనట్లేదు, చంటిపిల్లల మాటలు ఓ పాతిక చాలు. "మమ్మా" అంటే బువ్వ, "మూల్" అంటే నీళ్ళు, "అనా" అంటే ఎత్తుకో, "ఒబుబా" అంటే వీపు మీద మోయి, మన ఉప్పుమూట అన్నమాట. ఒక్క జత మాత్రం జాగ్రత్త. నాన్నని "అప్పా" అంటారు, నొప్పి పుడితే "ఆఫా" అంటారు. ఇంటికొచ్చిన రెండో రోజు రాత్రి వాడు "ఆఫా, ఆఫా" అని ఏడుస్తుంటే, అప్పుడే నన్ను గుర్తుపట్టాడు అని మావారు పొంగిపోయి గదంతా తిప్పారు. చెవి పట్టుకుని చూపిస్తే గానీ మాకు వెలగలేదు, పద్నాలుగు గంటల విమాన ప్రయాణానికి చెవిపోటు. మావారు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే సిగ్గుపడతారు.

తిండి సంగతి తేలికే, వాళ్ళదీ అన్నమే. కాకపోతే మన సోనామసూరి పొడిపొడిగా వండితే మా వాడు ఒక్కో మెతుకూ ఏరి నేలమీద పెట్టాడు. కొరియన్ కొట్లో పొట్టి బియ్యం దొరుకుతాయి, ముద్దగా అంటుకునేలా వండండి. అప్పడంలా కరకరలాడే సముద్రపు నాచు షీట్లు ఉంటాయి, "కిమ్" అంటారు, అందులో అన్నం చుట్టి పెడితే ఏడుస్తున్నవాడు కూడా నోరు తెరుస్తాడు. ఆ వాసన మీకు మొదట నచ్చకపోవచ్చు, అలవాటు చేసుకోవడం మీ వంతు. పెరుగన్నం, పప్పు, ఆవకాయ ఎక్కడికీ పోవు, ఆరు నెలలు ఆగండి.

మా రోజుల్లో రెండుసార్లు వెళ్ళాలి. మొదటిసారి బిడ్డని చూసి, కోర్టులో హాజరై, ఖాళీ చేతులతో తిరిగి రావడం, రెండోసారి తీసుకురావడం. కొత్త పద్ధతిలో మీకెలా ఉంటుందో మీ కేసు చూసేవాళ్ళు చెబుతారు. ఎన్నిసార్లు వెళ్ళినా ఫోస్టర్ అమ్మతో దొరికే సమయం గంటో రెండు గంటలో, కాబట్టి ప్రశ్నలు కొరియన్‌లో రాయించుకుని వెళ్ళండి. ఎలా పడుకోబెడతారు, ఏ పాట పాడతారు, ఏ సబ్బు వాడతారు, కోపమొస్తే ఏం చేస్తాడు, దేనికి భయపడతాడు. అడిగి రికార్డు చేయండి, జోలపాట ఆవిడ గొంతుతోనే రికార్డు చేయండి. మా వాడు కప్పుకునే దుప్పటి అడిగితే ఆవిడ ఉతికి ఇస్తానంది, వద్దు వద్దని చేతులూపాను, ఎందుకంటే మాకు కావాల్సింది ఆ వాసనే. బహుమతి ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వండి. నేను పట్టుచీర తీసుకెళ్ళాను, కట్టుకోవడం ఆవిడకెలా వస్తుంది చెప్పండి, ఇప్పుడైతే ఫోటో ఆల్బమ్, మంచి పళ్ళబుట్ట తీసుకెళ్ళేదాన్ని.

ఇంటికొచ్చాక మొదటి వారాల్లో వాడు ఏడుస్తాడు. మారాం కాదది, అమ్మ పోయిన బిడ్డ ఏడుపు. తొట్టి మంచాలు, బేబీ మానిటర్లు పక్కన పెట్టి నేలమీద పరుపు వేసి పక్కనే పడుకోండి, అక్కడ వాడికి అలవాటు అదే, మన ఇళ్ళల్లోనూ అలాగే కదా పెరిగాం. కొందరు అసలు ఏడవకుండా ఎవరి దగ్గరికైనా నవ్వుతూ వెళ్ళిపోతారు, ఎంత కలుపుగోలో అని చుట్టాలు మెచ్చుకుంటారు. నిజానికి భయపడాల్సింది వాళ్ళని చూసే, ఎవరు తనవాళ్ళో ఆ బిడ్డకింకా తెలియలేదని అర్థం. అందుకే మొదటి కొన్ని నెలలు అన్నం పెట్టేదీ, ఎత్తుకునేదీ, స్నానం చేయించేదీ మీరిద్దరే అయి ఉండాలి.

మనవాళ్ళతో కష్టం ఇక్కడే. ఎయిర్‌పోర్టుకి ఇరవైమంది వస్తామంటారు, హారతి పళ్ళెం, బెలూన్లు, ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నేను మా అమ్మకి ఫోన్ చేసి "వచ్చినా నువ్వు ఎత్తుకోకూడదమ్మా" అని చెప్పిన రోజు ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ చేసి, "పోనీ వంట చేసి పెట్టొచ్చా?" అంది. ఆ పని ఇవ్వండి వాళ్ళకి. ఎందుకు వద్దంటున్నామో ఈ ఎదురుచూసే నెలల్లోనే చెప్పాలి, బిడ్డ చేతిలో ఉండగా గుమ్మంలో నిలబడి చెప్పలేరు. "ఇండియాలో పిల్లలు లేరా?", "గోత్రం సంగతేంటి?", "చైనా వాడిలా ఉన్నాడే" లాంటివి కూడా వస్తాయి. మొదటి రెండిటికీ ఓపికుంటే జవాబు చెప్పండి. మూడోది వాడి ముందు అంటే మాత్రం అక్కడికక్కడే ఆపండి, వాడికి తెలుగు రాదులే అనుకోకండి, మూడు నెలల్లో వచ్చేస్తుంది.

ఒకటి మాత్రం మా వాళ్ళందరికీ తెగ నచ్చింది. కొరియాలో మొదటి పుట్టినరోజుకి పిల్లల ముందు దారం, పెన్సిలు, డబ్బు అవీ పెట్టి ఏది పట్టుకుంటారో చూస్తారు, "తోల్‌జాబీ" అంటారు. మన అన్నప్రాశనలో పుస్తకం, బంగారం, కత్తి పెట్టినట్టే. మా వాడు ఫోస్టర్ అమ్మ ఇంట్లో దారం పట్టుకున్న ఫోటో ఉంది, దారమంటే దీర్ఘాయుష్షు అని తెలిశాక మా అత్తగారు ఆ ఫోటో ఫ్రేమ్ కట్టించి దేవుడి గదిలో పెట్టారు.

అన్నీ సర్దుకున్నాక మళ్ళీ కాగితాలు. 2000 నాటి చట్టం వల్ల ఇప్పుడు దత్తత పిల్లలకి పౌరసత్వం దానంతటదే వస్తుంది, అయినా సర్టిఫికెట్ ఆఫ్ సిటిజన్‌షిప్ చేతికొచ్చేదాకా వదలకండి, పాస్‌పోర్టు కూడా తీయించండి. అంతకుముందు తరంలో ఆ పని చేయని తల్లిదండ్రుల వల్ల నడివయసులో తమకి పౌరసత్వమే లేదని తెలుసుకున్న కొరియన్ దత్తత పిల్లలున్నారు. దత్తత ఖర్చులకి అమెరికా పన్నులో ఇచ్చే ట్యాక్స్ క్రెడిట్ 2025కి గరిష్ఠంగా 17,280 డాలర్లు, విదేశీ దత్తతైతే అది పూర్తయిన ఏడాదిలోనే క్లెయిమ్ చేయాలి, రసీదులన్నీ దాచండి.

కొరియా నుంచి వచ్చిన ఫైలులో ఒక్క కాగితం కూడా పారేయకండి. తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా రాసి పంపిన కేసులు పాతకాలంలో ఉన్నాయని 2025 మార్చిలో అక్కడి ప్రభుత్వ విచారణ సంఘం ట్రూత్ కమిషనే తేల్చింది. రేపు మీ బిడ్డ కన్నతల్లిని వెతకాలనుకుంటే ఆ కాగితాలే ఆధారం. కొరియన్ పేరు తీసేయకండి, మిడిల్ నేమ్‌గానైనా ఉంచండి. అన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల పెట్టండి, అసలు కాగితాలు మాత్రం వాడి పేరు రాసిన ఫైలులో, వాడి అలమరలోనే ఉంచండి, మన పెళ్ళి ఆల్బమ్‌లతో కలిపి అటకెక్కించకండి.