చూసి గీద్దాం – ఆరో పాఠం: ముక్కు

పోయిన పాఠంలో ఇంట్లోవాళ్లను ముగ్గురిని కూర్చోబెట్టి తల ఆకారం, కళ్ల గీత వరకు కొలిచి గీయమన్నాను. ముక్కు మాత్రం మీకు తోచినట్టు వేయమన్నాను. అది కావాలనే అన్నాను. ఇప్పుడు ఆ మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి. కళ్లనూ నోటినీ చేత్తో మూసి ముక్కులు మాత్రం చూడండి. మూడూ ఒకటే ముక్కులా ఉన్నాయా? సన్నగా, నిటారుగా, పక్కల రెండు గీతలు, కింద రెండు చుక్కలు? నాయనదీ అదే, అత్తదీ అదే, పక్కింటి పిల్లోడిదీ అదే?

చాలామందికి అట్లాగే వస్తుంది. నాకూ ఏళ్ల తరబడి అట్లాగే వచ్చింది. చెయ్యి తిరగక కాదు. చెయ్యికి ఒక ముక్కు ముందే అలవాటైపోయింది, ఎదురుగా ఎవరు కూర్చున్నా అదే వచ్చి కూర్చుంటుంది. ఆ ముక్కు ఎవరిదో, మన చేతిలోకి ఎట్లా వచ్చిందో తెలిస్తేగానీ అది మన చేతిని వదలదు. అందుకే ఈ పాఠంలో సగం చరిత్ర, సగం సాధన.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా అవ్వ బొమ్మ గీశాను. మా ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. వెడల్పు ముక్కు ఆమెది, కొన గుండ్రంగా ఉండేది. కుడిపక్క ఏడురాళ్ల బేసరి, ఎడమపక్క చిన్న పుడక. రెండు రోజులు పట్టింది నాకు. బడికి తీసుకుపోయి చూపిస్తే డ్రాయింగ్ మాస్టారు మెచ్చుకున్నారు. తర్వాత పెన్సిల్ తీసుకుని, రబ్బరుతో ముక్కు రెండు పక్కలా చెరిపి, సన్నగా దిద్దారు. "ఇప్పుడు ముఖం కుదిరింది" అన్నారు. ఇంటికొచ్చి చూపిస్తే అవ్వ చాలాసేపు చూసింది. "ఎవురు నాయనా ఈమె?" అని అడిగింది.

బొమ్మలో బేసరి ముక్కుకు అంటకుండా బుగ్గ మీద నిలబడి ఉంది. ముక్కు సన్నబడింది, బేసరి ఉన్నచోటే ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

మాస్టారి మీద నాకు కోపం లేదు. ఆయనకు నేర్పినదే ఆయన నాకు నేర్పారు. ఆయనకు నేర్పిన పద్ధతి ఎక్కడిదో వెతుక్కుంటూ పోతే మద్రాసు దాకా, అక్కడినుంచి లండన్ దాకా తేలింది.

1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మద్రాసులో చిత్రకళ బడి పెట్టాడు. దేశంలో ఈ తరహా బడుల్లో అది మొదటివాటిల్లో ఒకటి. తర్వాత కలకత్తాలో 1854లో, బొంబాయిలో 1857లో, లాహోర్‌లో 1875లో వచ్చాయి. అప్పట్లో మన చిత్తూరు, తిరుపతి అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాడు కింద ఉండేవి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంటే ఇక్కడి బళ్లలో బొమ్మలు నేర్పినవాళ్లకు పెద్దబడి మద్రాసే. ఆ బడులన్నిటికీ నమూనా లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ చిత్రకళ బడి. అక్కడ రిచర్డ్ రెడ్‌గ్రేవ్ తయారుచేసిన పాఠ్యక్రమంలో 23 మెట్లు ఉండేవి. మొదట అచ్చు బొమ్మ చూసి గీత గీయాలి, తర్వాత నీడ వేయాలి, తర్వాత గ్రీకు, రోమన్ విగ్రహాల ప్లాస్టర్ అచ్చులు చూసి గీయాలి. బతికున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి, కన్ను రెండూ ఆ అచ్చులకు అలవాటుపడి ఉంటాయి. నేను రాసిన డ్రాయింగ్ లోయర్ పరీక్షలో ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్ అని ఒక పేపరుండేది, అది ఆ మొదటి మెట్టుకు మనవరాలే.

ప్లాస్టర్ అచ్చు తెల్లగా ఉంటుంది. నీడలు చక్కగా తెలుస్తాయి కాబట్టి నేర్చుకోవడానికి సులువే, అది ఒప్పుకోవాలి. కానీ ఆ తెలుపే అందం అనే మాట కూడా దాంతోపాటు వచ్చింది. జర్మన్ పండితుడు వింకెల్‌మన్ 1764లో, శరీరం ఎంత తెల్లనైతే అంత అందం అన్న అర్థంలో రాశాడు. నిజానికి ఆ గ్రీకు విగ్రహాలకు చెక్కిన రోజుల్లో రంగులుండేవి. జుట్టుకు, పెదవులకు, బట్టలకు వేసిన రంగుల ఆనవాళ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. మట్టిలో, వానలో కరిగిపోయాక మిగిలిన తెల్లరాయిని చూసి ఒక ఖండమంతా అందానికి కొలత కట్టుకుంది.

ఇక ముక్కు దగ్గరికి వద్దాం. పీటర్ కాంపర్ అని హాలండ్ దేశపు వైద్యుడు, బొమ్మలు గీయడం కూడా వచ్చినవాడు. 1770లో ఆమ్‌స్టర్‌డామ్ డ్రాయింగ్ అకాడమీలో చిత్రకారులకు ఉపన్యాసాలిచ్చాడు. ఆయన మొదలుపెట్టిన చోటు మనం ఈ పాఠం మొదలుపెట్టిన చోటే. యూరప్ చిత్రకారులు నల్లవాడిని గీయమంటే తెల్లవాడి ముఖమే గీసి నల్లరంగు పూస్తున్నారని గమనించాడు. మంచి గమనింపు అది, కళ్లు పెట్టి చూసినవాడి మాట. అయితే అక్కడినుంచి ఆయన చెవి రంధ్రం నుంచి ముక్కు అడుగుకు ఒక గీత, నుదుటి నుంచి పై పళ్లకు ఒక గీత గీసి, రెండింటి మధ్య కోణం కొలిచాడు. కోతికి 42 డిగ్రీలు, ఒరాంగుటాన్‌కు 58, ఆఫ్రికా మనిషికీ కల్మక్ (మంగోల్ తెగ) మనిషికీ 70, యూరప్ మనిషికి 80, రోమన్ శిల్పానికి 95, గ్రీకు శిల్పానికి 100. ఆయన పోయాక 1791లో ఇది పుస్తకంగా వచ్చింది.

ఆ వరుసను ఇంకోసారి చదవండి. నిచ్చెన పైమెట్టు మీద ఉన్నది మనిషి కాదు, రాయి. శిల్పి తన ఇష్టం కొద్దీ చెక్కిన రాయిని పైన పెట్టి, ప్రాణమున్న మనుషులను దానికి ఎంత దూరంలో ఉన్నారో చూసి కింద నిలబెట్టారు. మనుషులందరిదీ ఒకటే పుట్టుక అని కాంపర్ నమ్మాడు, అది కూడా చెప్పాలి. తర్వాత వచ్చినవాళ్లకు ఆయన నమ్మకం అక్కర్లేకపోయింది, నిచ్చెన చాలింది. 1854లో అమెరికాలో అచ్చయిన ఒక పుస్తకంలో గ్రీకు దేవుడు అపోలో విగ్రహం తల, నల్లజాతి మనిషి తల, చింపాంజీ తల ఒకే పేజీలో వరసగా వేశారు. బానిసత్వాన్ని సమర్థించేవాళ్లకు ఆ బొమ్మ పనికొచ్చింది.

మన దేశంలో ఆ కొలత నేరుగా ముక్కు మీదికే వచ్చింది. హెర్బర్ట్ రిస్లీ, 1901 జనాభా లెక్కల కమిషనర్, ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చవేసేవాడు. ఆ అంకె పెరిగేకొద్దీ కులం హోదా తగ్గుతుందని రాశాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ కూడా కొలత పరికరాలు పట్టుకుని మన ప్రెసిడెన్సీలో మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. మా అవ్వ ముక్కును సన్నగా దిద్దిన ఆ పెన్సిల్ వెనక ఇన్ని చేతులున్నాయి. "కుదిరింది" అనే మాట అమాయకంగా వచ్చిందే, కానీ ఊరికే రాలేదు.

1910లో లండన్‌లో ఇ.బి. హావెల్ ఉపన్యాసం మీద చర్చ జరిగినప్పుడు, జార్జ్ బర్డ్‌వుడ్ అనే పెద్దమనిషి జావా బుద్ధ విగ్రహాన్ని కొవ్వుతో ఉడికించిన పుడ్డింగుతో పోల్చాడు. హావెల్ అంతకుముందు మద్రాసు బడిలోనూ కలకత్తా బడిలోనూ పనిచేసినవాడు, మన శిల్పాన్ని, చిత్రాన్ని గట్టిగా వెనకేసుకొచ్చాడు. ఆయనకు మనం రుణపడ్డాం. అయినా భారతీయ కళ అంటే అంతా ఆధ్యాత్మికమే అన్న ఆయన ధోరణి నాకు ఇంకో అచ్చులాగే కనిపిస్తుంది. చింతపండు ఒలిచే అవ్వకు అందులో చోటేది?

తప్పంతా సముద్రం అవతలిదే అనుకుంటే మనం సగమే చూసినట్టు. నాట్యశాస్త్రంలో ఎవరికి ఏ రంగు పూయాలో చెప్పేచోట బ్రాహ్మణ క్షత్రియులకు గౌరవర్ణం అంది, వైశ్య శూద్రులకు శ్యామం అంది. కిరాతులు, ద్రమిడులు, దక్షిణాదివాళ్లతో పాటు ఆంధ్రులకు కూడా నలుపే అంది. నలుపు తప్పు కాదు, మనలో చాలామంది నలుపే. ఎవరు ఏ రంగో ముందే తేల్చేయడం తప్పు. మన కవులకూ ముక్కంటే సంపెంగ మొగ్గే, నువ్వుపువ్వే. తుమ్మెద తన దగ్గరికి రాలేదని అలిగిన సంపెంగ, తపస్సు చేసి ఆడదాని ముక్కుగా పుట్టిందన్న పద్యం మనందరికీ తెలుసు. నంది తిమ్మనను ముక్కు తిమ్మన చేసిన కథ ఆ పద్యందే. నాకు చాలా ఇష్టమైన పద్యం అది. కానీ దాన్ని చెవుల్లో పెట్టుకుని పెన్సిల్ పడితే ప్రతి ముక్కూ మొగ్గలాగే సన్నబడుతుంది.

ఇక సాధన.

కావలసినవి: 2బి పెన్సిల్, రబ్బరు, జానెడు దారం, దాని చివర కట్టడానికి ఒక తాళంచెవి. ఎదుటి మనిషిని కిటికీకి పక్కవాటంగా కూర్చోబెట్టండి, వెలుతురు ఒకవైపు నుంచే పడాలి. పొద్దున తొమ్మిదిలోపు అయితే బాగుంటుంది, మన తిరుపతి ఎండకు ఆ తర్వాత నీడలు చితికిపోతాయి.

దారాన్ని మేస్త్రి తూకం గుండులా వేలాడదీసి, చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, దారం ఎదుటివారి లోపలి కనుకొలుకు మీదుగా కిందికి దిగేలా పట్టుకోండి. ముక్కు రెక్క ఆ దారానికి లోపల ఉందా, దారాన్ని తాకుతోందా, దాటి బయటికి వచ్చిందా? రెండో పక్కా చూడండి. దారాన్ని తాకాలి అని చాలా డ్రాయింగ్ పుస్తకాల్లో సూత్రంలా ఉంటుంది. అది గ్రీకు కొలతల నుంచి వచ్చిన సూత్రం. కొలిచి చూస్తే యూరప్ సంతతివాళ్లలోనే చాలామందికి అది సరిపోలేదు. కాబట్టి సూత్రం పక్కన పెట్టి, కనిపించింది కాగితం మూలలో మాటల్లో రాయండి: "ఎడమపక్క గింజంత బయటికి" అని. గీయకముందే రాయాలి. చెయ్యి మాట మారుస్తుంది, రాసిన మాట మారదు.

తర్వాత పొడవు. పెన్సిల్ అడ్డంగా పట్టుకుని ముక్కు వెడల్పును బొటనవేలి గోటితో గుర్తు పెట్టుకోండి. అదే కొలతను నిలువుగా తిప్పి, కనుబొమల మధ్య నుంచి ముక్కు కింది దాకా ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ఒకటిన్నరా, ఒకటీ ముప్పావా? అది కూడా మూలలో రాయండి. రిస్లీ చేసింది కూడా ఇదే కదా అని మీకు అనిపించవచ్చు. ఆయన ఆ అంకెతో మనిషిని ఒక మెట్టు మీద నిలబెట్టాడు. మనం ఈ ఒక్క మనిషిని ఇంకొకరితో కలిపేయకుండా ఉండటానికి కొలుస్తున్నాం, బొమ్మ అయ్యాక ఆ అంకెతో పనిలేదు.

ఇప్పుడు గీత. ముందుగా కొనకు ఒక గుండ్రం, రెక్కలకు చెరొక చిన్న గుండ్రం, చాలా తేలిగ్గా. ముగ్గు వేసేముందు చుక్కలు పెట్టినట్టు. కొన గుండ్రం ఎంత పెద్దదో ఎదుటి మనిషే చెప్పాలి. దూలాన్ని రెండు గీతలతో గీయకండి. వెలుతురు పడే పక్క అసలు గీత ఉండదు, నీడ పక్క మాత్రమే పెన్సిల్‌ను పడుకోబెట్టి మెత్తగా రుద్దండి. రెండు గీతలు పెట్టామంటే ముక్కు తనంతట తాను సన్నబడుతుంది, పాత అలవాటు వచ్చి చేరేది ఆ రెండో గీతలోనే. పుటాలను నల్లటి చుక్కలు చేయకండి. పై అంచు మాత్రం గట్టిగా, కింది అంచు నీడలో కలిసిపోవాలి. చామనఛాయ, నలుపు చర్మం మీద ముక్కు కొన దగ్గర మెరుపు ఎక్కువ తెలుస్తుంది, రబ్బరు మూలతో ఒక్కసారి అద్ది తీయండి. పుడక, బేసరి ఉంటే చివరన వేయండి. అవి రెక్క మీద సరిగ్గా కూర్చుంటే మీ వెడల్పు సరిపోయినట్టే. నాకు ఆ పరీక్ష మా అవ్వ నేర్పింది.

రబ్బరు గురించి ఒక కట్టుబాటు: ముక్కు వెడల్పును మార్చాలనిపిస్తే దారం మళ్లీ పట్టుకోకుండా చెరపకూడదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను చూడండి. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ముందు కాల్చిన చింతపుల్లల బొగ్గుతో తేలిగ్గా గీసుకుంటారు. ఆ తర్వాత బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగు కలంతో పెడతారు. అది గుడ్డను పట్టుకుందంటే ఇక చెరగదు. అందుకే వాళ్ల చెయ్యి గీత పెట్టేముందు ఆగుతుంది. అంత చెయ్యి ఉన్నవాళ్ల పనిని చాలాకాలం చేతిపనుల లెక్కలో వేసి, చిత్రకళ అంటే కాన్వాసు మీద నూనెరంగులే అని మనకు చెప్పారు. ఆ ఆగడాన్ని మీరు పెన్సిల్‌తో నేర్చుకోండి.

ఈ వారం మూడు ముక్కులు ఇంట్లోవాళ్లవి, మూడు బయటివాళ్లవి. మూడో పాఠంలో గుండ్లు గీసిన చోటికే, అలిపిరి దగ్గరికే వెళ్లండి. తమిళులు, కన్నడిగులు, మరాఠీలు, ఒరియావాళ్లు అందరూ అక్కడే మెట్లెక్కుతారు. నెత్తిన చందనం పూసుకుని కిందికి దిగి నీడలో కూర్చున్నవాళ్లను అడిగి గీయండి: "అన్నా, మీ బొమ్మ గీసుకోవచ్చా?" అంటే చాలామంది నవ్వి ఒప్పుకుంటారు. వద్దంటే దండం పెట్టి పక్కకు రండి. గీశాక వాళ్లకు చూపించాలి, ఇది తప్పనిసరి. వాళ్లు తమను గుర్తుపడతారా లేదా అన్నదే మీ మార్కు.

వచ్చే పాఠం చర్మం రంగు. మీ ఇంట్లో పిల్లల రంగు పెన్సిళ్ల పెట్టె తెచ్చుకోండి. అందులో లేత గులాబీ, పీచ్ పండు రంగు కలిసిన పెన్సిల్ ఒకటుంటుంది. మన పిల్లలు "స్కిన్ కలర్ ఇయ్యి" అని అడిగేది దాన్నే. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఆ రంగుకు 'ఫ్లెష్' అన్న పేరు తీసేసి 1962లో 'పీచ్' అని పెట్టింది. ఆ పెన్సిల్‌ను మీ ముంజేతి పక్కన పెట్టుకుని, పగటి వెలుతురులో ఒకసారి చూసి రండి.