అన్నం తినగానే నిద్ర ముంచుకొస్తోందా? భుక్తాయాసం తగ్గించుకోవడం ఎలా?

తిన్న తర్వాత వచ్చే అలసటకు మన పెద్దవాళ్లు భుక్తాయాసం అని పేరు పెట్టారు. పెళ్లి భోజనం చేసి నడుం వాల్చినప్పుడు ఆ మాట నవ్వుతూ అనుకుంటాం. రోజూ మధ్యాహ్నం రెండున్నరకి ఆఫీసు కుర్చీలోనో, తరగతి గదిలోనో, లారీ స్టీరింగు ముందో అదే మత్తు కమ్మితే మాత్రం నవ్వు రాదు. నేను దానితో ఏళ్ల తరబడి అవస్థపడ్డాను. క్యారియర్ మూత పెట్టాక గంటన్నర సేపు చదివిన వాక్యమే మళ్లీ చదివేవాణ్ణి. అన్నం పూర్తిగా మానేసి చూశాను. నాలుగో రోజుకే మళ్లీ కంచం నిండా పెట్టుకున్నాను. చివరికి పనిచేసింది వేరే పద్ధతి: వంటకాలన్నీ అలాగే ఉంచి, అన్నం కలుపుకునే సార్లు తగ్గించడం. దాన్నే ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

మత్తు ఎందుకొస్తుంది?

రక్తమంతా పొట్టకు పోవడం వల్ల మెదడు మందగిస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. తిన్నాక పేగులకు రక్తప్రసారం పెరిగే మాట నిజమే. కానీ మెదడుకు అందాల్సిన రక్తాన్ని శరీరం అంత తేలిగ్గా తగ్గనివ్వదు. అసలు కారణాలు వేరే ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి మధ్య మన శరీర గడియారమే కాస్త నెమ్మదిస్తుంది. ఉపవాసం ఉన్న రోజు కూడా ఆ వేళకు ఆవలింతలు వచ్చేది అందుకే. సరిగ్గా అదే సమయానికి పెద్ద భోజనం తోడవుతుంది. తెల్లన్నం త్వరగా అరిగి రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. మెదడులో మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్ కణాలు గ్లూకోజు పెరిగినప్పుడు మందగిస్తాయని జంతువులపై చేసిన ప్రయోగాల్లో తేలింది. కడుపు నిండిందని పేగులు పంపే హార్మోన్లు కూడా విశ్రాంతి వైపే లాగుతాయి. రాత్రి నిద్ర చాలకపోతే ఇవన్నీ రెట్టింపుగా తెలుస్తాయి.

గడియారాన్ని మార్చలేం. కంచాన్ని మార్చుకోవచ్చు.

మొదటి పని: ఒక్కసారి మీ అన్నం తూకం వేయండి

మన భోజనంలో ఒక ప్రత్యేకత ఉంది. పప్పుతో ఓసారి అన్నం, కూరతో ఓసారి, చారుతో మరోసారి, చివర పెరుగుతో ఇంకోసారి. ప్రతిసారీ "కొంచెమే కదా" అనిపిస్తుంది. వంటింట్లో చిన్న త్రాసు ఉంటే, ఒక రోజు మామూలుగా వడ్డించుకునే ప్రతిసారీ ఆ అన్నాన్ని ముందు తూచి రాసుకోండి. నేను చూసుకున్న రోజు నాలుగు సార్లదీ కలిపి 480 గ్రాములు తేలింది. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే ఒక్క పూటలో ఒక్క అన్నం నుంచే 130 గ్రాములు దాటిపోయింది. ఆ పక్కన కూర చూస్తే రెండు గరిటెలు, పప్పు ఒకటిన్నర గరిటె.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని చెప్పింది. మన ఇళ్లలో చాలా కంచాలు ఆ గీతకు ఎంత దూరంలో ఉన్నాయో త్రాసు చూపిస్తుంది.

త్రాసు లేకపోయినా పర్వాలేదు. ఎన్ని హస్తాల (అన్నం వడ్డించే గరిటెల) అన్నం వేసుకుంటున్నారో లెక్కపెట్టండి. తిన్న గంటకు మత్తు ఎంత ఉందో సున్నా నుంచి ఐదు దాకా అంకె వేసి వారం పాటు రాసి పెట్టుకోండి. తర్వాత చేసే మార్పు పనిచేస్తోందో లేదో ఈ కాగితమే చెబుతుంది.

రెండో పని: నాలుగు సార్ల అన్నాన్ని రెండు సార్లకు దించండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

కంచంలో ముందు కూర వేసుకోండి. అన్నం ఇంకా వద్దు. బీరకాయ కూరో, చిక్కుడుకాయో, తోటకూరో ఉత్తదే ఒక కప్పు తినండి. గుడ్డు, శనగలు, చేప, కోడికూర ఏది ఉంటే అది ఇప్పుడే తినేయండి. కూరగాయల్లోని పీచు, వీటిలోని మాంసకృత్తులు ముందుగా కడుపులోకి వెళితే తర్వాత వచ్చే అన్నం నెమ్మదిగా అరుగుతుంది, గ్లూకోజు ఒక్కసారిగా ఎగబాకదు.

ఇప్పుడు పప్పన్నం, ఒక్క హస్తం. పప్పు అన్నానికి సమానంగా కనిపించాలి.

చారు గ్లాసులో పోసుకుని తాగండి. మొదట్లో వింతగా ఉంటుంది. వేడివేడి మిరియాల చారు అలా తాగడం అలవాటయ్యాక, దాన్ని అన్నంలో పోసి పలుచన చేసుకోవాలని నాకైతే మళ్లీ అనిపించలేదు. సాంబారుకూ ఇదే పద్ధతి.

చివర పెరుగు. పెరుగన్నం నోట్లో పడకపోతే భోజనం పూర్తయినట్టు ఉండదు చాలామందికి. అలాంటివారు నాలుగు ముద్దల అన్నం దీనికోసం దాచుకోండి. ఆ పట్టింపు లేనివాళ్లు చిన్న గిన్నెలో పెరుగు తినొచ్చు, మజ్జిగ తాగొచ్చు.

ఈ పద్ధతిని చెడగొట్టేది కూరలో ఉప్పూ కారమూ. మన కూరలు అన్నంలో కలుపుకోవడం కోసం వండినవి. అంత ఉప్పున్న వేపుడు ఉత్తగా రెండు ముక్కలు తినేసరికి నాలుక అన్నం అడుగుతుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి అయితే చెప్పనే అక్కర్లేదు. వేలెడంత పచ్చడి కంచం అన్నాన్ని లాగేస్తుంది. కాబట్టి కూరలో ఉప్పు, కారం మూడో వంతు తగ్గించి వండి చూడండి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పు తర్వాతే కూర మోతాదు పెరిగి అన్నం దానంతటదే తగ్గింది. పచ్చడి మానక్కర్లేదు, పెరుగన్నం ముద్దలకు నంజుకోండి.

షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవారు అన్నాన్ని ఒక్కసారిగా సగం చేయకండి. మందు మోతాదు పాత భోజనాన్ని బట్టి రాసింది, షుగరు మరీ పడిపోయే ప్రమాదం ఉంది. ముందు డాక్టరుతో మాట్లాడండి. పొలంలో, భవన నిర్మాణంలో రోజంతా ఒళ్లు వంచి పనిచేసేవారికి శక్తి ఎక్కువ కావాలి, వాళ్లు అన్నం తగ్గించే కంటే పప్పు, గుడ్డు పెంచుకోవడం మంచిది.

ఏ బియ్యం మంచిదని చాలామంది అడుగుతారు. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, గ్లైసీమిక్ సూచీ (తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే అంకె) 50కి కాస్త పైన మాత్రమే ఉన్న సన్న రకం. దొరికితే వాడండి. కొర్రలు, దంపుడు బియ్యం కూడా మంచివే. అయితే ఏ గింజైనా 480 గ్రాములు తింటే మత్తు తప్పదు.

మూడో పని: చేయి కడుక్కున్నాక కుర్చీకి పోకండి

పది నిమిషాలు నడవండి. కాళ్ల కండరాలు కదిలితే రక్తంలోని గ్లూకోజును అవే వాడేసుకుంటాయి. తిన్నాక వంద అడుగులు వేయమని పెద్దవాళ్లు చెప్పిన మాట ఇదే. వేగంగా నడవక్కర్లేదు, ఫోన్ మాట్లాడుతూ వరండాలో తిరిగినా చాలు. వీలైతే వెలుతురులో, చెట్టు నీడన నడవండి, పగటి వెలుగు మెలకువనిస్తుంది. మే నెల ఎండలో మాత్రం బయటికి వెళ్లకుండా మెట్లో, కారిడారో చూసుకోండి.

నాలుగో పని: టీ, కునుకు సమయం చూసుకుని

భోజనం అవగానే టీ తాగితే అందులోని టానిన్లు ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. తిన్నాక గంట ఆగండి. సాయంత్రం ఐదు దాటాక కాఫీ వద్దు. కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, రాత్రి నిద్ర చెడి, రేపు మధ్యాహ్నం మత్తు ఇంకా పెరుగుతుంది.

పడుకునే వీలుంటే మూడింటిలోపు, అలారం పెట్టుకుని 20 నిమిషాలు. ముప్పావుగంట, గంట పడుకుంటే గాఢనిద్రలోంచి లేస్తాం, తల బరువు మరో అరగంట వదలదు. బండి నడిపేవారికి మాత్రం వేరే సలహా లేదు: కళ్లు మూతపడుతుంటే పక్కన ఆపి ఆ 20 నిమిషాలు నిద్రపోవాలి. కిటికీ దించడం, పాటలు పెంచడం నిద్రను ఆపలేవు.

ఆదివారం బిర్యానీ సంగతి

నూనె, నెయ్యి, మాంసం, అన్నం అన్నీ కలిసినది కాబట్టి అరగడానికి చాలాసేపు పడుతుంది, మత్తు సాయంత్రం దాకా ఉంటుంది. ముందు పెరుగు చట్నీలో ఉల్లి, కీరా ముక్కలు, తర్వాత మాంసం ముక్కలు, చివర అన్నం తినండి. పక్కన తీపి కూల్‌డ్రింక్ వద్దు. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలోనే 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది.

ఉదయం టిఫిన్ ఎగ్గొడితే మధ్యాహ్నం ఆకలి లెక్క తప్పుతుంది. ఇడ్లీ అయితే సాంబారు ఎక్కువగా, లేదంటే పెసరట్టు. రాత్రి కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలి.

రెండు వారాల తర్వాతా తగ్గకపోతే

ఇన్ని చేసినా కాగితం మీద నాలుగు, ఐదు అంకెలే పడుతుంటే పరీక్షలు చేయించుకోండి. ముందుగా హిమోగ్లోబిన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఇంట్లో "అమ్మకు ఊరికే నీరసం" అని వదిలేస్తున్నది చాలా ఇళ్లలో రక్తహీనత కావచ్చు. ఆ తర్వాత హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష: 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే షుగరు రాబోయే దశ, 6.5 నుంచి షుగరే. థైరాయిడ్ కూడా చూపించుకోండి. గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేచేవారు నిద్ర పరీక్ష గురించి అడగాలి. జలుబుకు వేసుకునే సెటిరిజిన్ లాంటి మాత్రలూ మత్తు తెస్తాయి, వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి.

ఇంట్లో పెద్దవాళ్లు తిన్నాక తల తిరుగుతోందనో, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయనో అంటే అది వట్టి మత్తని వదిలేయకండి. వయసు పైబడినవారిలో కొందరికి భోజనం తర్వాత రెండు గంటల్లోపు పై బీపీ 20 పాయింట్లు, అంతకంటే ఎక్కువ కూడా పడిపోతుంది. తినేముందు ఓసారి, తిన్న గంటకు ఓసారి కూర్చోబెట్టి బీపీ చూడండి. తేడా అంత ఉంటే ఆ రెండు అంకెలూ రాసుకుని డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి, పెట్టేముందు ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వండి, తినగానే వాళ్లను ఒంటరిగా లేవనివ్వకండి.