మంచు తుఫాను ముందు దూరపు ట్రెక్‌కి వెళ్తున్నారా? ఇవి చూసుకోండి

సాయంత్రం తుఫాను అన్నారంటే అది మధ్యాహ్నానికే దిగిపోవచ్చు. ఆ లెక్కనే సిద్ధమవ్వండి.

• వెనక్కి తిరిగే టైమ్ బయల్దేరకముందే ఖాయం చేసుకోండి. ఒంటిగంట అనుకుంటే ఒంటిగంటే, శిఖరం కళ్లముందే కనిపిస్తున్నా సరే. మంచు కురవడం మొదలైతే అడుగుజాడలు మాసిపోతాయి, నడక బాగా నెమ్మదిస్తుంది, వచ్చిన దారే కొత్తగా అనిపిస్తుంది. "ఇంకాస్త దూరమే కదా" అన్న మాటే ప్రాణం మీదికి తెస్తుంది.

• కాటన్ వద్దు, లోపలి బనీనుతో సహా. చెమటకి తడిస్తే ఓ పట్టాన ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉన్ని గానీ సింథటిక్ గానీ వేసుకోండి. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసేయండి. మొదట్లో కాస్త చలేస్తేనే మంచిది.

• ఉష్ణోగ్రతతో పాటు గాలి వేగమూ చూడండి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కి.మీ. గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది.

• ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ ఉన్నట్టుండి చచ్చిపోతుంది. కాగితం మ్యాప్, దిక్సూచి, హెడ్‌ల్యాంప్ తప్పనిసరి.

• నీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత దగ్గర బిగుసుకుపోదు.

• తోటివాళ్ల చేతులు గమనించండి. జిప్ లాక్కోలేక తడుముకుంటున్నా, మాట ముద్దగా వస్తున్నా ఒంటి వేడి పడిపోతోందన్నట్టే. "నేను బాగానే ఉన్నా" అంటే నమ్మకండి; గాలి తగలని చోట ఆపి, తడి బట్టలు మార్పించండి.

• ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి రాకపోతే సహాయం పిలవాలో ఒకరికి చెప్పి వెళ్లండి.