దుకాణం వైఫైకి గట్టి తాళం

నల్లగొండ గడియారం సెంటర్ లాంటి చోట మీ వైఫై సిగ్నల్ పక్క షాపులోకీ, రోడ్డు మీదికీ పోతుంది. రౌటర్ కింది స్టిక్కర్ మీదున్న అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొట్టి, ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ (రౌటర్ సెట్టింగ్స్ తెరిచేది, వైఫైది కాదు) మార్చండి. చాలామంది మరిచేది ఇదే.

వైఫై సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి) ఉంటే అదే పెట్టండి. పాత ఫోన్లు కనెక్ట్ కాకపోతే దాని ముందు పద్ధతి డబ్ల్యూపీఏ2 పెట్టి, ఎన్‌క్రిప్షన్‌కు ఏఈఎస్ ఎంచుకోండి. డబ్ల్యూఈపీ, టీకేఐపీ పాతబడ్డ బలహీన పద్ధతులు, వద్దే వద్దు. డబ్ల్యూపీఏ2తో ఒక చిక్కుంది: ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు రౌటర్‌తో ఇచ్చిపుచ్చుకునే సందేశాలను (హ్యాండ్‌షేక్) దొంగ గాలిలోనే పట్టుకొని, ఇంటికి పోయి తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహించొచ్చు. వైఫై పాస్‌వర్డ్‌గా సెల్ నంబర్ పెడితే పది అంకెలే కదా, కంప్యూటర్‌కు అదెంత పని! కనీసం 16 అక్షరాలు పెట్టండి. 63 దాకా పడతాయి.

పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ చేసే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, అందుకే 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుంది. గిరాకీలకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రౌటర్‌లో వేరే పేరుతో విడిగా ఉండే వైఫై) ఇవ్వండి. బిల్లింగ్ కంప్యూటర్ మాత్రం అందులో ఉండొద్దు.