నగర ఆడిట్ నివేదిక చదవడం – 3వ పాఠం: అభిప్రాయం తర్వాతి పేజీలు

ఆడిటర్ ఇచ్చే అభిప్రాయాల్లో నాలుగు రకాలను గత పాఠంలో చూశాం. మీ చేతిలోని నివేదికలో ఏ అభ్యంతరమూ లేని అభిప్రాయమే ఉందనుకుందాం. చాలామంది అక్కడితో నివేదిక మూసేస్తారు. అసలు చదవడం మొదలుపెట్టాల్సింది అక్కడే.

ఆ అభిప్రాయానికి అర్థం ఒక్కటే: లెక్కల పట్టికల్లో చదివేవారిని తప్పుదారి పట్టించేంత పెద్ద పొరపాట్లు లేవని ఆడిటర్ సహేతుకమైన నమ్మకానికి వచ్చారు. ఆడిటర్ ప్రతి వోచరునూ చూడరు, నమూనాగా కొన్నిటిని తీసి పరీక్షిస్తారు. కాబట్టి డబ్బు ఎక్కడా దారి తప్పలేదని గానీ, నగరం ఆర్థికంగా బాగుందని గానీ ఆ సంతకం హామీ ఇవ్వదు.

ఈ తేడా ఎంత ఖరీదైనదో అమెరికాలోని డిక్సన్ చూపించింది. ఇలినాయ్ రాష్ట్రంలో సుమారు 16 వేల జనాభా ఉన్న ఊరు అది. అక్కడి ఆర్థికాధికారి రీటా క్రండ్వెల్ 1990లో నగరం పేరు మీద ఒక రహస్య బ్యాంకు ఖాతా తెరిచింది. నగర నిధులను ఖాతా నుంచి ఖాతాకు మారుస్తూ చివరకు అందులోకి చేర్చి సొంతానికి వాడుకుంది. ఆ బదిలీలకు ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వం పంపినట్టు కనిపించే నకిలీ ఇన్వాయిసులు తయారుచేసింది. 2012లో అరెస్టయ్యే నాటికి పోయిన సొమ్ము 5 కోట్ల 37 లక్షల డాలర్లు. అన్నేళ్లూ ఏటా ఆడిట్ జరుగుతూనే ఉంది! ఆమె సుదీర్ఘ సెలవులో ఉన్నప్పుడు, ఆమె పని చూస్తున్న మరో ఉద్యోగిని బ్యాంకు నుంచి అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లూ తెప్పించుకోవడంతో విషయం బయటపడింది. తర్వాత ఆడిటర్లూ బ్యాంకూ కలిపి నగరానికి సుమారు 4 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది.

డబ్బు తీసుకోవడం, చెల్లించడం, పద్దు రాయడం, బ్యాంకు నిల్వతో సరిచూడడం ఒకే మనిషి చేతిలో ఉంటే ఏ పట్టిక చూసినా లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే అభిప్రాయం చదివాక నేరుగా అంతర్గత నియంత్రణల (తప్పులు, మోసాలు జరగకుండా నగరం పెట్టుకున్న ఏర్పాట్ల) గురించి ఆడిటర్ రాసిన భాగానికి వెళ్లండి. కొన్నిచోట్ల అది విడి లేఖగా ఉంటుంది. నివేదికతో పాటు అందకపోతే అడిగి తెప్పించుకోండి. అందులో లోపాలను తీవ్రతను బట్టి వేరు చేస్తారు. అన్నిటికన్నా తీవ్రమైన బలహీనత అంటే, పెద్ద తప్పు జరిగినా సకాలంలో పట్టుబడకపోయే అవకాశం ఉందని చెప్పడమే. 

పనులన్నీ ఒకరి చేతిలోనే ఉన్నాయన్న ఆక్షేపణకు చిన్న నగరాల్లో తరచూ వచ్చే జవాబు: ‘సిబ్బంది తక్కువ, పనులు విడదీయలేం.’ దీన్ని నేను ఒప్పుకోను. సిబ్బంది తక్కువన్నది నిజమే కావచ్చు. అయినా బ్యాంకు స్టేట్‌మెంట్లు నేరుగా పాలకవర్గ సభ్యుడికి చేరేలా చేయడానికి, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికను (నగర పద్దును బ్యాంకు లెక్కతో సరిపోల్చే పట్టికను) వేరొకరు పరిశీలించడానికి, ఖజానా చూసే వ్యక్తిని ఏటా కొన్నాళ్లు తప్పనిసరిగా సెలవులో పంపడానికి కొత్త ఉద్యోగం సృష్టించనక్కర్లేదు. జవాబులో ఇలాంటి ఏర్పాటు ఒక్కటైనా, దానికో గడువు, బాధ్యుడి హోదాతో సహా ఉందేమో చూడండి. ‘పరిశీలిస్తాం’ అన్నది జవాబు కాదు.

ఈ వారం అభ్యాసం. గత మూడేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టుకోండి. ప్రతి ఆక్షేపణనూ ఒక వరుసలో రాసి, ఏ సంవత్సరాల్లో వచ్చిందో గుర్తు పెట్టండి. మూడేళ్లూ కనిపించిన వాటి కింద గీత గీసి, పాలకవర్గ సమావేశంలో వాటిపై చర్చ జరిగిందేమో మినిట్స్‌లో వెతకండి. తర్వాత నిధుల (ఒక్కో అవసరానికి నగరం విడిగా లెక్క రాసే డబ్బు) మధ్య బదిలీల పట్టిక తీయండి. ఒక నిధి నుంచి వెళ్లింది మరో నిధికి రావాలి కాబట్టి రెండు వైపులా మొత్తాలు సమానం కావాలి. అయినా అక్కడ ఆగకండి: ప్రతి పెద్ద బదిలీకీ కారణం రాసి ఉందా, దాన్ని ఎవరు ఆమోదించారు? చివరగా, నగరం పేరు మీద ఉన్న ఖాతాలన్నిటి జాబితా బ్యాంకు నుంచే నేరుగా వచ్చిందా, లేక ఆర్థిక విభాగం ఇచ్చిందా అని ఆడిటర్‌ను రాతపూర్వకంగా అడగండి.

ఆ జవాబు, మీ మూడేళ్ల పట్టిక దగ్గర పెట్టుకోండి. నాలుగో పాఠంలో అప్పులు, పింఛను బాధ్యతల వివరణలు చదివేటప్పుడు రెండూ కావాలి.